ఎడమ కాలికి పాఠం చెప్పిన మాస్టారు

ఈ స్వర్ణోత్సవ సంచికలో మన బడిలో చదివి పైకొచ్చిన వాళ్ల గురించి, మనకు చదువు చెప్పిన గురువుల గురించి చాలామంది రాస్తున్నారు. ఆటల తరఫున ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగితే నేను ఎంచుకున్న వ్యక్తి మన బడిలో చదవలేదు, ఇక్కడ పని చేయలేదు. మన నరసరావుపేటకూ మాచర్లకూ గురజాలకూ ఆయనతో చుట్టరికమేమీ లేదు. కానీ ఆయన బడిపంతులు. డిగ్రీ పూర్తి చేసి, బడిలో ఉద్యోగం చేస్తూ, డ్రిల్లు మాస్టారుగా తర్ఫీదు పొంది, సాయంత్రం పూట పిల్లలకు బంతి తన్నడం నేర్పిన మనిషి. భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది రెండే రెండుసార్లు. ఆ రెండుసార్లూ జట్టు వెనక ఉన్నది ఆయనే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో ఆయన్ను రహీం సాబ్ అనేవారు. మనం మాస్టారు అందాం.

రహీం మాస్టారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. అప్పటికి నిజాం రాజ్యం. సికింద్రాబాదు కంటోన్మెంటులో ఇంగ్లీషు సోల్జర్లు ఆడే ఫుట్‌బాల్‌ను చూసి చుట్టుపక్కల బస్తీల పిల్లలు కూడా ఆ ఆటకు అలవాటు పడ్డారు. బూట్లు లేవు, సరైన బంతి లేదు, మైదానం మాత్రం ఉంది. రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఎ. చదివారు. యూనివర్సిటీ జట్టుకు ఆడారు. అక్కడి పూర్వ విద్యార్థులు, అప్పుడు చదువుతున్న విద్యార్థులు కలిసి ఎలెవెన్ హంటర్స్ అనే జట్టు నడిపేవారు. అందులో కూడా ఆడారు. పూర్వ విద్యార్థుల సంఘం సంచికలో ఈ మాట ప్రత్యేకంగా రాయాలనిపించింది. చదువు అయిపోయాక కూడా పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒకే జట్టుగా మైదానంలోకి దిగడం ఎంత బాగుంది! ఆ తరవాత నగరంలో పేరున్న కమర్ క్లబ్బు తరఫున లీగు మ్యాచ్‌లు ఆడారు.

ఆటగాడిగా ఆయన గొప్ప పేరు తెచ్చుకున్నవాడు కాదు. పేరు వచ్చింది పాఠం చెప్పడంలో. కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామవిద్యలో డిప్లొమా తీసుకుని, చివరి రెండు బళ్లలో ఆటల బాధ్యత భుజాన వేసుకున్నారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

కార్యదర్శి అంటే మనకు గుర్తొచ్చేది రసీదు పుస్తకం, తీర్మానాల పుస్తకం. ఈయన చేసింది వేరు. పిల్లలకు పోటీలు పెట్టి, ఆ పోటీలకు చిత్రమైన నిబంధనలు పెట్టారు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ఎదుటివాళ్లను తప్పించుకుంటూ పోవడం, అంటే డ్రిబ్లింగ్, నిషిద్ధం. బంతి వచ్చిన వెంటనే ఇంకొకరికి ఇవ్వాలి, లేదా గోలు వైపు కొట్టాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో, ఎడమ కాలి వాటం ఉన్నవాడు కుడికాలితో. పైకి ఇది పిల్లలతో సరదాగా ఆడించినట్టు కనిపిస్తుంది. ఆయన జీవితంలో వచ్చిన విజయాలన్నిటికీ వేరు మాత్రం ఇక్కడే ఉందని నా ఉద్దేశం. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

మన వైపు ఎడ్ల బండలాగుడు పందాలు చూడనివాళ్లుండరు. వలపట ఎద్దు ఎంత బలమైనదైనా దాపట ఎద్దు వెనకబడితే బండ పక్కకు తిరిగిపోతుంది. పందెం కోసం మేపే రైతు ఆ వెనకబడ్డ దాని మీదే ఎక్కువ ధ్యాస పెడతాడు. గోలు ముందు నిలబడ్డ ఆటగాడి కాళ్లు కూడా అంతే. బంతి ఎప్పుడూ వాటమున్న కాలి వైపే రాదు. ఎడమ పక్కకు వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకోవడానికి ఒక అడుగు, ఒక క్షణం కావాలి. ఆ క్షణంలో ఎదుటి డిఫెండరు కాలు అడ్డం పెడతాడు, గోల్‌కీపరు సర్దుకుంటాడు. రెండు కాళ్లూ వచ్చినవాడికి ఆ ఆలస్యం లేదు. వచ్చిన బంతిని వచ్చినట్టే కొడతాడు. ఎటు కొడతాడో కీపరుకు ముందుగా తెలియదు కూడా.

ఇక కొట్టడం ఎలాగన్నది. బడి మైదానంలో చెప్పులు విడిచి ఆడిన మనమందరం బంతిని బొటనవేలితో పొడిచినవాళ్లమే. దెబ్బ గట్టిగానే తగులుతుంది, బంతి ఎటు పోతుందో దేవుడికే తెలుసు. గుండ్రటి బంతికి వేలి మొన తగిలే చోటు చిన్నది. అర అంగుళం అటూ ఇటూ అయినా దిశ మారిపోతుంది. మీగాలితో కొడితే తగిలే చోటు వెడల్పవుతుంది. చీలమండ బిగించి, వేళ్లు కిందికి చూసేలా పాదాన్ని చాచి కొట్టాలి. బంతి పక్కన ఆనించే రెండో పాదం అసలు కీలకం. ఆ పాదం ఎటు చూస్తే బంతి సాధారణంగా అటే పోతుంది. అది బంతికి బాగా వెనక పడితే ఒళ్లు వెనక్కి వాలుతుంది, బంతి గోలు కర్ర మీదుగా ఎగిరిపోతుంది. మోకాలు బంతి మీదికి వంగి, తల కిందికి ఉంటే బంతి నేలబారుగా పోతుంది. కీపరు కిందికి పడి పట్టుకోవలసిన బంతే వాడికి కష్టం. కొట్టాక కాలిని అక్కడే ఆపకుండా బంతి పోయిన వైపుకు సాగనివ్వాలి. దగ్గర నుంచి కొట్టేటప్పుడు బలంతో పని లేదు. పాదం లోపలి వైపుతో మూలకు నెడితే చాలు.

ఇది ఏ కోచ్ అయినా చెప్పేదే. ఒక్కసారి చెబితే అర్థమవుతుంది, వెయ్యిసార్లు చేస్తే గానీ రాదు. మనసు కంగారులో ఉన్నప్పుడు కాలు తనకు పాత అలవాటున్న పనే చేస్తుంది. రహీం మాస్టారు పట్టుకున్న కిటుకు అక్కడుంది. ఉపన్యాసం చెప్పి ఊరుకోకుండా, ఆట నిబంధననే మార్చేశారు. కుడికాలితో కొడితే చెల్లదన్నప్పుడు ఎవరూ చెప్పకుండానే ఎడమ కాలికి సాధన అయిపోతుంది. ఇద్దరినీ ముగ్గురినీ తప్పించుకుని పోయే సరదా మూసేసినప్పుడు తల ఎత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూడటం అలవాటవుతుంది. లెక్కల మాస్టారు ఎక్కాల పుస్తకం మూయించి నోటి లెక్క చేయించినట్టు. ఆయన క్లాసు గదిలో నుంచి మైదానంలోకి తెచ్చుకున్న పద్ధతి అది.

మన పల్నాడు వాళ్లకు ఇంకోలా చెప్పొచ్చు. పల్నాటి వీరచరిత్రలో మన కుర్రాళ్లకు నచ్చేది బాలచంద్రుడు. ఒక్కడే శత్రువుల్లోకి దూసుకుపోతాడు. ఫుట్‌బాల్‌లో ఆ తీరు ఆటగాళ్లు ఎప్పుడూ ఉంటారు, గ్యాలరీలో చప్పట్లు కూడా వాళ్లకే. రహీం మాస్టారిది బ్రహ్మనాయుడి చాపకూడు పద్ధతి. బంతి పదకొండుమంది మధ్యా తిరగాలి, ఎవరికి దారి దొరికితే వాడు గోలు కొట్టాలి. ఆయన జట్లలో ముస్లింలు, హిందువులు, సిక్కులు, క్రైస్తవులు, పోలీసు కానిస్టేబుళ్లు, రైల్వే ఉద్యోగులు, సైనికులు అందరూ ఉండేవారు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాదే ఆ జట్టు ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఇంటికి తెచ్చింది. కలకత్తా వాళ్లే ఫుట్‌బాల్‌కు యజమానులు అనుకునే రోజులవి. అక్కడి పెద్ద క్లబ్బులు చివరికి హైదరాబాదు కుర్రాళ్లను ఎగరేసుకుపోవడం మొదలుపెట్టాయి. అదీ ఒక రకం మెచ్చుకోలే.

దేశం జట్టు బాధ్యత రావడానికి ముందు జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఫ్రాన్స్‌తో ఆడింది. మనవాళ్లలో ఎక్కువమంది వట్టికాళ్లతోనే ఆడారు. ఆట చూసిన ఇంగ్లీషువాళ్లు ముచ్చటపడ్డారు. కానీ రెండు పెనాల్టీలు వచ్చాయి, రెండూ పోయాయి. 2-1తో ఓడిపోయాం. పెనాల్టీ అంటే పన్నెండు గజాల దూరం, ఎదురుగా కీపరు ఒక్కడే, బంతి కదలకుండా నేల మీద ఉంటుంది. దానికి మించిన అవకాశం ఆటలో లేదు. ఎంత అందంగా ఆడినా చివరి తన్ను సరిగా తన్నకపోతే లెక్కలోకి రాదని ఆ మ్యాచ్ రుజువు చేసింది. అప్పటికి రహీం మాస్టారు జట్టుతో లేరు.

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. మాస్టారు శిక్షణలో మన జట్టు ఇండోనేషియాను 3-0తో, అఫ్గానిస్తాన్‌ను 3-0తో, ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించింది. ఫైనల్లో ఆ ఒక్క గోలు కొట్టింది సాహు మేవాలాల్. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1 దెబ్బ తగిలింది. చలి దేశం, తడి నేల, ఎదురుగా బూట్లు వేసుకున్న బలిష్ఠులు, మనవాళ్లలో ఎక్కువమంది కాళ్లకు ఏమీ లేవు. తడిసిన తోలుబంతి రాయిలా బరువెక్కుతుంది, వట్టి మీగాలితో దాన్ని తన్నితే నొప్పి తప్ప దూరం రాదు. ఆ తరవాత ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేసింది. బూట్లు వేసుకోవడం అంటే ఆట మళ్లీ నేర్చుకోవడమే. కాలి వేళ్లతో బంతిని తడిమి చూసే అలవాటు పోయి తోలు అడ్డం వస్తుంది. మొదట ఇబ్బందిగా ఉంటుంది, అలవాటయ్యాక బలం పెరుగుతుంది. నాలుగేళ్లలో ఆ తేడా ప్రపంచం చూసింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంతకు ముందు ఏడాది డిసెంబరులోనే మన మాచర్ల పక్కన నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. కొత్త రాష్ట్రం పుట్టి సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాతో క్వార్టర్ ఫైనల్ ఆడింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ వంటి హైదరాబాదు ఆటగాళ్లు ఆ జట్టులో ఉన్నారు. అంటే అప్పటికి నెల రోజులుగా వాళ్లు మన రాష్ట్రం వాళ్లు. ఆ సంగతి మన పల్లెల్లో ఎంతమందికి తెలిసి ఉంటుందో! రేడియో ఉన్న ఇల్లు ఊరికొకటి ఉంటే గొప్ప.

మొదటి రౌండులో హంగరీ రాకపోవడంతో మనకు ఆడకుండానే దారి దొరికింది. అదృష్టం అంతవరకే. ఆస్ట్రేలియాను సొంతగడ్డ మీద 4-2తో ఓడించింది మాత్రం ఆటే. గోవాలో పుట్టి బొంబాయిలో ఆడిన నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ సాధించడం అదే మొదలు. నాలుగో గోలు కిట్టు కొట్టాడు. అప్పట్లో చాలా దేశాలు ముగ్గురు డిఫెండర్లతో ఆడుతుంటే, రహీం మాస్టారు నలుగురిని వెనక, ఇద్దరిని నడుమ, నలుగురిని ముందు పెట్టే అమరిక వైపు జట్టును తీసుకెళ్లారు. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచాక ఆ అమరికకు ప్రపంచమంతా పేరొచ్చింది. సెమీ ఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోలు మనదే, మళ్లీ డిసౌజాదే. కానీ చివరికి 4-1తో ఓడిపోయాం. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీ ఫైనల్ దాకా వెళ్లిన మొదటి ఆసియా దేశం మనదే. డిసౌజా నాలుగు గోల్స్‌తో ఆ పోటీలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన ముగ్గురిలో ఒకడయ్యాడు. తిరిగొచ్చే ముందు సిడ్నీలో ఆస్ట్రేలియాతోనే ఇంకో స్నేహపూర్వక మ్యాచ్ ఆడారు. ఈసారి 7-1. ఆస్ట్రేలియాకు ఒక మ్యాచ్ ఓటమి గాలివాటం అనుకునే అవకాశం కూడా మిగల్లేదు.

ఇక్కడ చిన్న పిట్టకథ. బల్గేరియాతో మనవాళ్లు ఆడిన మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులోనే, ఆ ఒలింపిక్స్‌లోనే, ఆస్ట్రేలియా వాళ్లు తమ సొంత ఫుట్‌బాల్‌ను ప్రదర్శన ఆటగా చూపించారు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు. గోలుకు నాలుగు నిలువు కర్రలు, పైన అడ్డకర్ర ఉండదు. నడిమి రెండింటి మధ్య తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే ఒక్కటే. తోటివాడు తన్నిన బంతిని గాల్లో శుభ్రంగా పట్టినవాడికి తీరిగ్గా గోలు కొట్టుకునే హక్కు ఉంటుంది. ఎవరూ మీద పడరు. అయినా తప్పుతుంది. అక్కడ కిటుకు కాలిలో సగం, చేతిలో సగం. బంతిని చేతిలోంచి పాదం మీదికి వదిలేటప్పుడు వంకర లేకుండా వదలాలి. వదిలేది సరిగా లేకపోతే తన్నేది ఎంత బాగున్నా బంతి పక్కకు పోతుంది. అందుకని వాళ్లు ప్రతిసారీ అన్నే అడుగులు వెనక్కి వేసి, అదే నడకతో వచ్చి, అదే ఎత్తు నుంచి బంతి వదలడం సాధన చేస్తారు. ఆట వేరు, బంతి ఆకారం వేరు, నేర్చుకునే దారి మాత్రం ఒకటే.

బలరామ్ కథ చెప్పకుండా మాస్టారి కథ పూర్తి కాదు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు. పేదిల్లు. కొత్త బూట్లు కొనే స్తోమతు లేదు. వాడి ఆట మాస్టారి కంట పడింది. నగరంలోకి వచ్చి సాధన చేయమంటే, రావడానికి సైకిలు లేదు. అద్దె సైకిలుకు డబ్బులు మాస్టారే ఇచ్చేవారని బలరామ్ తరవాత రోజుల్లో చెప్పుకునేవాడు. ఆ కుర్రాడే ఇరవై ఏళ్ల వయసులో మెల్‌బోర్న్ వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌ను మనవాళ్లు 1-1గా ముగించారు. ఆ గోలు పి.కె. బెనర్జీది. పి.కె., చునీ గోస్వామి, బలరామ్ ముగ్గురినీ కలిపి చెప్పుకోవడం భారత ఫుట్‌బాల్‌లో పరిపాటి. ముగ్గురికీ తొలి ఏళ్లలో అర్జున అవార్డులు వచ్చాయి. ఊపిరితిత్తుల జబ్బుతో బలరామ్ 1963లోనే ఆట మానేయాల్సి వచ్చింది. 2023లో మరణించాడు. మన బళ్లల్లో అద్దె సైకిలు డబ్బులు, పరీక్ష ఫీజు, జత బట్టలు గుట్టుగా ఇచ్చిన మాస్టార్లు ఎంతమంది లేరు! వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు. ఈ సంచిక చదివేవాళ్లలో చాలామందికి ఒక్కో పేరు గుర్తొచ్చే ఉంటుంది.

చివరి అంకం జకార్తా, 1962. అప్పటికే మాస్టారికి ఆరోగ్యం చెడింది. ఊపిరితిత్తుల క్యాన్సరు. ఆ స్థితిలోనే జట్టుతో వెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తరవాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచి సెమీస్‌కు చేరారు. ఈలోగా డిఫెన్స్‌లో కొండలా నిలబడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. కుట్లున్న తలతో వెనక నిలబడి గాలిలో వచ్చే బంతులను తలతో కొట్టి తిప్పడం ప్రమాదం. పక్కన కూర్చోబెడదామంటే అంతటి ఆటగాడు ఇంకొకడు లేడు. మాస్టారు అతన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే గోల్స్ కొట్టే చోట పెట్టారు. వెనకవాణ్ని ముందు పెట్టడం చూసేవాళ్లకు తెగింపులా కనిపిస్తుంది. జర్నైల్‌కు చిన్నప్పుడు ముందు ఆడిన అలవాటు ఉందని మాస్టారికి తెలుసు. తన శిష్యుడికి ఏం వచ్చో, ఏం రాదో తెలిసిన పంతులు చేసిన పని అది. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన మ్యాచ్‌లో జర్నైల్ ఒక గోలు కొట్టాడు. మిగతా రెండూ కెప్టెన్ చునీ గోస్వామివి.

ఫైనల్ సెప్టెంబరు 4న. మళ్లీ దక్షిణ కొరియాయే ఎదురు. స్టేడియంలో దాదాపు లక్షమంది, అందులో ఎక్కువమంది మనకు వ్యతిరేకులు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను రానివ్వకపోవడాన్ని భారతదేశానికి చెందిన క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టడంతో జకార్తా జనానికి మన మీద కోపం వచ్చింది. మన జాతీయ గీతానికి కూడా కేకలు వేశారు. జట్టు బస్సు మీద దేశం గుర్తులు కనిపించకుండా తిరగాల్సి వచ్చిన రోజులవి. ఆటకు ముందు మాస్టారు తన కుర్రాళ్లను పిలిచి, తనకు కానుకగా ఆ బంగారు పతకం తెచ్చిపెట్టమని అడిగారట. జబ్బు సంగతి ఎంతమందికి తెలుసో గానీ, ఆ అడిగిన తీరు మాత్రం ఆటగాళ్లు బతికున్నంత కాలం చెప్పుకున్నారు. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. కొరియా చివర్లో ఒకటి తిప్పికొట్టింది. 2-1. పదకొండేళ్ల తరవాత రెండో బంగారం.

తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న, రహీం మాస్టారు కన్నుమూశారు. యాభైనాలుగో ఏడు కూడా నిండలేదు.

ఆయన పోయాక ఆట ఒక్కసారిగా ఆగిపోలేదు. ఆయన నేర్పినవాళ్లు ఇంకా మైదానంలో ఉన్నారు. 1964 ఆసియా కప్పులో భారత్ రెండో స్థానంలో నిలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో మన జట్టుకు కంచు పతకం వచ్చింది. ఆ తరం ఆటగాళ్లు తప్పుకున్నాక ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ పతకం మళ్లీ రాలేదు. దీనికి చాలామంది చాలా కారణాలు చెబుతారు: డబ్బు, క్రికెట్, సమాఖ్య రాజకీయాలు. నాకు తోచేది ఒకటే. హైదరాబాదులో పిల్లలకు విచిత్రమైన నిబంధనలతో పోటీలు పెట్టే కార్యదర్శి మళ్లీ రాలేదు. పెద్ద జట్టుకు కోచ్‌ను జీతం ఇచ్చి తెచ్చుకోవచ్చు, విదేశం నుంచి కూడా తెచ్చుకోవచ్చు. పన్నెండేళ్లవాడి ఎడమ కాలికి సాధన చేయించేవాడు మాత్రం బడిలోనే ఉండాలి. ఇరవై ఏళ్లు వచ్చాక ఆ కాలికి కొత్త చదువు అంతగా ఎక్కదు.

ప్రభుత్వం నుంచి ఆయనకు పెద్ద బిరుదులేమీ రాలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టిందే 1985లో. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. ఆ తరవాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021లో మరణించారు. 2024లో మాస్టారి కథ మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ ఆయన వేషం వేశాడు. సినిమా వచ్చాక గానీ మా మనవళ్లకు ఈ పేరు తెలియలేదు. సినిమాలో జకార్తా ఫైనల్ బాగా చూపించారు. చాదర్‌ఘాట్ హైస్కూలు మైదానం గురించి ఇంకొంచెం చూపిస్తే ఒక పాత విద్యార్థిగా నాకు ఇంకా నచ్చేది.

ఉపాధ్యాయ మిత్రులు ఇది చదువుతున్నారు కాబట్టి ఒక మాట. ఈ మధ్య చాలా బళ్లల్లో ఆటల పీరియడు టైంటేబుల్లో ఉంటుంది, మైదానంలో ఉండదు. పదో తరగతికి వచ్చేసరికి అది లెక్కలకో సైన్సుకో పోతుంది. మన బడికి మైదానం ఇంకా మిగిలి ఉంది. ప్రహరీ గోడ కూడా ఉంది, అదీ అదృష్టమే. పూర్వ విద్యార్థుల సంఘం ఈ ఏడాది బంతులు, వలలు, గోలు కర్రలు కొనివ్వాలని అనుకుంటోంది. కొనివ్వడం తేలికే. వారానికి ఒక సాయంత్రం, ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు, రహీం మాస్టారి నిబంధనతో ఒక ఆట ఆడించగలిగితే దానికి ఖర్చేమీ లేదు. ఇరవై నిమిషాలు వాటం లేని కాలితో, ఇరవై నిమిషాలు డ్రిబ్లింగ్ లేకుండా, చివరి పది నిమిషాలు ఒక్కొక్కరికి ఐదు పెనాల్టీలు. ఆడపిల్లలతో సహా. గోలు మూలల్లో రెండు గుడ్డపీలికలు కట్టి, వాటి మీదికి కొట్టమంటే గురి దానంతట అదే వస్తుంది. ఎన్ని తగిలాయో పిల్లలే ఒక నోటుబుక్కులో రాసుకుంటారు. జూన్‌లో రాసిన అంకె, ఫిబ్రవరిలో రాసిన అంకె పక్కపక్కన చూసుకోవచ్చు.

స్వర్ణోత్సవం రెండో రోజు సాయంత్రం పాత విద్యార్థులకూ ఇప్పటి విద్యార్థులకూ ఫుట్‌బాల్ ఆట ఉంది. ఎలెవెన్ హంటర్స్ లాగా జట్లను కలిపి చేయమని నిర్వాహకులను అడిగాను, ఒప్పుకున్నారు. రెండో సగంలో పాతవాళ్లందరూ వాటం లేని కాలితోనే ఆడాలన్న నిబంధన కూడా పెట్టించాను. అరవై దాటినవాళ్లకు పరుగు నుంచి మినహాయింపు ఉంది, ఎడమ కాలి నుంచి లేదు. బూట్లు ఎవరివి వారే తెచ్చుకోవాలి.